యంత్రము కదలక ముందే



గోలకొండ సుల్తానులలో కడపటివాడైన అబుల్ హసన్ తానాషా కొలువున రాజ్యపు రాబడిని, వ్యయమును చేతబట్టి నడిపిన మంత్రి మాదన్న, సోదరుడగు అక్కన్నతో కూడ 1686వ సంవత్సరమున హతుడైనను, ఆయన నామము హైదరాబాదు పాతనగరమున ఒక పేటకు నిలిచి నేటికిని ప్రజల నోళ్లలో మెలగుచున్నది. ఆ మాదన్నపేటలో కూరగాయల మండి దాటి సైదాబాదు దిక్కునకును, యాకుత్‌పురా దిక్కునకును పోవు వీథులలో తలయెత్తి చూచినవారికి ఎప్పుడును ఏదో ఒక ఫ్లెక్సు కనబడుచునే యుండును. ఆషాఢమున బోనాల ఆహ్వానములు, భాద్రపదమున వినాయక మండపముల అలంకారములు, రంజాను మాసమున శుభాకాంక్షలు, ముహూర్తములున్న దినములలో ఫంక్షను హాలు ద్వారమున వధూవరుల నిలువెత్తు చిత్రములు. వీనినన్నిటిని ముద్రించునది గోడనుండి గోడవరకు పరచుకొని యుండు వెడల్పు ముద్రణయంత్రము. దీనికి ఖర్చగు ఇంకును, ఫ్లెక్సును ఏ విధముగ పొదుపు చేయవచ్చునో నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఇది దుకాణదారుల లాభనష్టములకు మాత్రమే సంబంధించిన విషయమని తలపరాదు. ఫ్లెక్సు అనునది పాలియెస్టరు నూలు అల్లికకు ఇరువైపుల పీవీసీ అను ప్లాస్టిక్కును పట్టించి చేసిన వస్తువు. అది మట్టిలో కలియదు, కాల్చినచో హైడ్రోజను క్లోరైడు వంటి విషవాయువులను వెలువరించును. కావున వృథాయైన ప్రతి చదరపుటడుగును దుకాణదారుని డబ్బునే కాక, వీథిలోనివారి ఊపిరిని, మురుగుకాలువల ప్రవాహమును కూడ తాకుచున్నది. ఈ విషయమున నాకు దృఢముగ తోచునది ఒక్కటి కలదు. ప్రింటు మీటను నొక్కిన పిమ్మట మిగుల్పగలిగినది మిక్కిలి స్వల్పము. మిగులవలసిన దంతయు అంతకు ముందే, డిజైనరు బల్లవద్దను, కొలత వ్రాసుకొను కాగితముమీదను, ఏ రోలు ఎక్కింపవలెనని నిర్ణయించు క్షణమునను మిగులవలయును.

యంత్రము పనిచేయు విధమును కొంత తెలిసికొన్నగాని ఈ మాటలోని నిజము బోధపడదు. రోలునుండి ఫ్లెక్సు మెల్లమెల్లగ ముందునకు జరుగుచుండగా, దానిపై అడ్డముగ నమర్చిన పట్టాలమీద ఒక బండి ఎడమనుండి కుడికిని, కుడినుండి ఎడమకును పరుగెత్తుచుండును. ఆ బండిలో నుండు హెడ్లకు కంటికి ఆనని రంధ్రములు వందలకొలది కలవు, వీనినే నాజిళ్లందురు. సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్ అను నాలుగు రంగుల ఇంకు వీనినుండి బొట్లుబొట్లుగ చిమ్మబడును. కలమును కాగితమునకు తాకించక సిరాను చిమ్మి వ్రాయుట అను తలపు మిక్కిలి పాతది. సముద్రగర్భపు తీగెలగుండ వచ్చు తంతివార్తలను గ్రహించుటకై విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1867లోనే సైఫను రికార్డరు అను సాధనమునకు హక్కుపత్రము పొందెను. అయినను ఆ తలపు ఇంతటి వెడల్పు యంత్రమై మన వీథులకు వచ్చుటకు నూరేండ్లకు పైబడి పట్టినది.

ఇప్పుడొక చిన్న లెక్క చెప్పెదను. కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన. ఫ్లెక్సు యంత్రములలో విరివిగ వాడు ఒక రకపు హెడ్డు విడుచు బొట్టు 42 పీకోలీటర్లు. పీకోలీటరనగా లీటరును లక్షకోట్ల భాగములు చేసిన అందులో ఒక భాగము. అంగుళమునకు ఒకవైపు 360, రెండవవైపు 720 చొప్పున చుక్కలు పెట్టితిమనుకొందము. ఒక చదరపుటంగుళములో 2,59,200 చుక్కలగును. చదరపుటడుగులో దానికి 144 రెట్లు. ఒకే రంగుతో ఆ స్థలమంతయు నింపినచో సుమారు 1.57 మిల్లీలీటర్ల ఇంకు పట్టును. ఒక్కొక్క బొట్టు అంత సూక్ష్మమైనను, 10 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తుగల బ్యానరును, అనగా 80 చదరపుటడుగులను, ఒక్క నలుపుతో నింపుటకు 125 మిల్లీలీటర్లు కావలసి వచ్చును.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. డిజైనరు తన కంప్యూటరులో నల్లని నేల నొకదానిని పరచునప్పుడు అది తెరమీద ఒక్కటే నలుపుగ కనబడును గాని, ఫోటోషాపు సాధారణపు అమరికలో ఆ నలుపు నాలుగు రంగులుగ మారునప్పుడు, ఒక్కొక్క రంగు నిండుదనమును నూరు పాళ్లుగ లెక్కించిన, సయాన్ 75, మెజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90 పాళ్లగును; మొత్తము 300. ఈ పాళ్లనే యంత్రము యథాతథముగ అనుసరించినచో, పైన చెప్పిన బ్యానరుకు 125 మిల్లీలీటర్లు సరిపోవలసిన చోట 376 మిల్లీలీటర్లు చిమ్మబడును. పావులీటరుకు పైగా ఇంకు, చూపరికి అక్కరలేని లోతుకొరకు, వ్యర్థముగ పోవును. అయితే ఒక్క నలుపుతోనే ముద్రించిన నేల ఎండలో కొంత బూడిదవన్నెకు తిరుగునని అనుభవజ్ఞులందురు. ఆ మాట నిజమే. అట్టివారు నలుపునకు తోడుగ సయాన్ 40 పాళ్లు కలిపిన చాలును; అప్పుడు మొత్తము 140 పాళ్లై, 176 మిల్లీలీటర్లతో పని గడచును; నలుపును నిండుగనే తోచును. ఇందులకై యంత్రమునకు పని నప్పగించు రిప్ అను సాఫ్ట్‌వేరులో శుద్ధమైన నలుపును నలుపుగనే యుంచుమని చెప్పు వసతి కలదు. దానిని ఒకమారు సరిచూచుకొనుట ఆపరేటరు ధర్మము.

చిత్రములలోని ఛాయలకు మరియొక ఉపాయము కలదు. సయాన్, మెజెంటా, యెల్లో మూడును సమముగ కలిసిన చోట్ల కలుగునది బూడిదవన్నెయే గదా. ఆ మూటిని తగ్గించి వాని స్థానమున నలుపును నిలుపుటను ముద్రణశాస్త్రజ్ఞులు చిరకాలమునుండి ఎరుగుదురు. మూడు బొట్లు చేయు పనిని ఒక బొట్టు చేయును. రంగులును స్థిరముగ నుండును. ముఖచిత్రములయందు మాత్రము జాగ్రత్త వలయును. ఈ మార్పును మితిమీరి చేసినచో చెక్కిళ్లలో నల్లని చుక్కలు పొడచూపి, పెండ్లికుమార్తె ముఖము మాసినట్లగును. అందుచే నేలలకును, నీడలకును గట్టిగను, మనుష్యుల ముఖములకు మృదువుగను దీనిని వాడవలయును.

ఇంకును మిగుల్చుటలో యంత్రమెరుగని ఒక విద్య కలదు. అది వర్ణముల నెన్నుకొనుట. ఫ్లెక్సు స్వతహాగ తెల్లనిది. తెలుపునకు ఇంకు అక్కరలేదు. పసుపునకు ఒక్క యెల్లో చాలును. ఎరుపునకు మెజెంటా, యెల్లో రెండును కావలయును. బోనాల పండుగకు పసుపు నేలపై కుంకుమ వన్నె అక్షరములు వ్రాయించిన బ్యానరును, నల్లని రాత్రివంటి నేలపై బంగారు జిలుగుల అక్షరములు వ్రాయించిన బ్యానరును ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. మొదటిదానికి రెండవదానికంటె ఎంతో తక్కువ ఇంకు పట్టును. అమ్మవారి పండుగకు తగిన వన్నెలును అవియే, దూరమునుండి చదువుటకు తేటగ నుండునవియు అవియే. ఫ్లెక్సు రాకముందు ఈ నగరమున బోర్డులు వ్రాసిన కళాకారులు చేతితో రంగు కలిపి, కుంచెతో దిద్ది, రేకుమీద నేలను విశాలముగ విడిచి, అక్షరమునకు మాత్రమే శక్తినంతయు ధారపోసెడివారు. రంగు డబ్బా వెల వారికి తెలియును. చేతి శ్రమయు తెలియును. ఆ మితభాషిత్వమువలననే వారి బోర్డులు అందగించెను. నేడు మీట నొక్కిన చాలును గనుక, ఖాళీ స్థలమును చూచి డిజైనరు జంకుచున్నాడు. నక్షత్రములు, జ్వాలలు, మెరుపులు, ఇరువదిమంది అభిమానుల తలలు తెచ్చి దానిని నింపుచున్నాడు. ఆ తలలలో ఒక్కటియు దూరమునుండి గుర్తింపబడదు.

దూరమన్న మాట వచ్చినది గావున దానిని కూడ విచారింతము. ఆరోగ్యవంతమైన మానవనేత్రము రెండు బిందువులను వేరువేరుగ చూడవలెనన్నచో వాని నడుమ కోణము ఒక డిగ్రీలో అరువదవవంతైనను ఉండవలయును. 30 అడుగుల దూరమున ఆ కోణము సుమారు 2.7 మిల్లీమీటర్లకు సమానము. అనగా వీథికి ఆవలివైపున నిలిచి చూచువానికి అంగుళమునకు పది చుక్కలున్నను, వేయి చుక్కలున్నను ఛాయాచిత్రములో భేదము తెలియదు. అక్షరముల అంచులు నునుపుగ నుండుటకు కొంత అధికముగ కావలయును, నిజమే. ఐనను మిద్దెమీద కట్టబోవు బ్యానరును, చేతికందు దూరమున దుకాణపు అద్దమునకు అంటింపబోవు వినైలు అను అంటు పొరను ఒకే నాణ్యతతో ముద్రించుట అవివేకము. కావున బ్యానరు ఎచ్చట కట్టుదురో, ఎంత దూరమునుండి చూతురో మొదటనే అడిగి తెలిసికొనవలయును. చుక్కలు తగ్గిన బండి పరుగులు, అనగా పాసులు, తగ్గును; అవి తగ్గిన కొలది ఇంకును, కాలమును, విద్యుత్తును కలసివచ్చును.

ఇక ఫ్లెక్సు రోలు సంగతి. రోళ్లు 3, 4, 5, 6, 8, 10 అడుగుల వెడల్పులలో దొరకును. గిరాకీ వచ్చి మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు బోర్డు కావలెనన్నాడనుకొందము. దగ్గరనున్న 4 అడుగుల రోలు నెక్కించినచో అంచున అర అడుగు చొప్పున ఏడడుగుల పొడవునను పోవును. మూడున్నర చదరపుటడుగులు చెత్తబుట్ట పాలగును. 8 అడుగుల రోలుపై అడ్డముగ త్రిప్పి ముద్రించినను పోవునది సరిగ అంతయే. ఆ రోలుపై రెండు బోర్డులను ప్రక్కప్రక్కన నిలిపినను, బోర్డుకు పోవునది మరల అంతయే. త్రిప్పుట ఒక్కటే పరిష్కారము కాదని దీనివలన తేలుచున్నది. అదే 10 అడుగుల రోలుపై ఏడడుగులకు ఈ బోర్డును అడ్డముగ నుంచి, మిగిలిన మూడడుగులలో మరియొకరి చిన్న పనిని చేర్చినచో కత్తిరింపుల కవసరమైన అంచులు తప్ప వృథా యేమియు ఉండదు. దీనినే నెస్టింగు అందురు. రిప్ సాఫ్ట్‌వేరు దీనిని తానై చేయగలదు, కాని చేయుటకు దానిచేతికి పనులు ఒకటికంటె ఎక్కువ అందవలయును గదా. వచ్చిన పనిని వచ్చినట్లే యంత్రమునకు తోయక, అత్యవసరము కానివానిని పూటకొకమారు కలిపి పంపు దుకాణములో రోలు ఎక్కువ దినములు వచ్చును.

అంతకంటె సులభమైన మార్గము గిరాకీతో నోరారా మాటలాడుట. "అన్నా, మూడున్నర ఎందుకు, నాలుగు పెట్టుకోండి, అంతే రేటుకు నిండుగా వస్తది" అని చెప్పినచో కాదనువారు అరుదు. ఫ్రేము ఇంకను చేయించి యుండనిచో కొలతను మార్చుట నోటిమాటతో పోవు పని. ఫ్రేము సిద్ధమై యున్నప్పుడు మాత్రము దుకాణమువాడే టేపు పట్టి కొలుచుట మంచిది. ఫోనులో చెప్పిన కొలత అడుగులదో, ఇనుపచువ్వ లోపలిదో, వెలుపలిదో తెలియక ముద్రించి, తరువాత రెండంగుళములు చాలక మొత్తము బ్యానరును పారవేయుట ఈ వృత్తిలో నిత్యము వినవచ్చు కథ.

మరియొక కథ అక్షరదోషములది. పాతనగరమున ఒకే బ్యానరుపై తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడును ఉండుట సాధారణము. తెలుగునకు ‘అను’ అను పేరుగల ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్ అను సాఫ్ట్‌వేరు వాడుట పరిపాటి. ఒక కంప్యూటరులో సిద్ధమైన ఫైలును ఆ ఫాంటు లేని మరియొక కంప్యూటరులో తెరచినచో తెలుగు అక్షరములు గజిబిజి గుర్తులై పోవును. ఒత్తులు ఒకచోటికి, గుణింతములు మరియొకచోటికి చెదరును. అందుచేత ఫైలును ముద్రణగదికి పంపక మునుపే అక్షరములను కర్వ్సుగ, అనగా ఫాంటు అక్కరలేని గీతల ఆకృతులుగ, మార్చి పంపవలయును. పెండ్లిపత్రికలకు పేరుగాంచిన ఛత్తాబజారు ముద్రణాలయములలో ప్రూఫు చూపించి, సంతకము చేయించుకొని గాని యంత్రము త్రిప్పని ఆచారము వెనుకటినుండి యున్నది. నేడు వాట్సాపులో ఒక చిత్రము పంపుట క్షణములో పని. కాని పంపుట చాలదు. పేర్లను, తేదీని, ముహూర్తమును, ఫోను సంఖ్యను గిరాకీచేత బిగ్గరగ చదివించి వినవలయును. ఒక్క సున్న లోపించిన పేరుకు 80 చదరపుటడుగుల ఫ్లెక్సు, దానిమీది ఇంకు సమస్తము బలియగుట చూచినవారికి ఈ ప్రయాస అధికమని తోచదు. రంగు విషయమున సందేహమున్నచో చిత్రములోని కఠినమైన భాగమును మాత్రము ఒక అడుగు మేర తునుకపై ముద్రించి చూడవలెను. ఇందుకొరకే మిగిలిన తునుకలను కొలత వ్రాసి, చుట్టి, గోడకు నిలబెట్టి యుంచుకొనవలయును.

ఇప్పుడు హెడ్డు దగ్గరకు వత్తము. ఉదయము దుకాణము తెరచిన వెంటనే ఆపరేటరు ఒక తునుకమీద నాజిళ్ల పరీక్ష తీయును. నాలుగు రంగులలో సన్నని గీతలు మెట్లుమెట్లుగ పడును. ఎచ్చట గీత తెగినదో అచ్చట నాజిల్ మూసికొన్నదన్నమాట. వంగి, దీపపు వెలుగున, మెజెంటా వరుసలో రెండు గీతలు లేవని కనుగొను ఆపరేటరు కన్ను దుకాణమునకు పెట్టుబడి. ఆ పరీక్ష చేయక బ్యానరు మొదలుపెట్టినవానికి పది అడుగులు నడచిన పిమ్మట అడ్డచారలు, వారి మాటలో బ్యాండింగు, ప్రత్యక్షమగును. అంతవరకు వేసినదంతయు పోయినట్లే. అట్లని నాజిల్ మూసికొన్నప్పుడెల్ల ఇంకును ఒత్తిడితో దూకించి కడుగుటయు దుర్వ్యయమే. ట్రేలోనికి కారిపోవు ఆ ఇంకు ఏ బిల్లులోను కనబడదు. చదరపుటడుగుల లెక్కకు అందదు. ముందు శుద్ధిద్రవములో తడిపిన, నూగు రాలని మెత్తని బట్టతో అద్ది చూచి, తప్పనిసరియైనప్పుడే ఇంకు దూకింపవలయును. రాత్రి యంత్రమును ఆపునప్పుడు హెడ్లు ఎండకుండ తడి కాపు పెట్టిపోవు దుకాణములో ఉదయపు వ్యయము ఎంతో తగ్గును. నాలుగు దినములు పనిలేకున్నను దినమునకొక చిన్న తునుకనైన ముద్రించుట మేలు. కొంచెము ఇంకు పోయిన నేమి, హెడ్డు బ్రతుకును. ట్రేలో చేరిన ఇంకును వడగట్టి నల్లరంగు డబ్బాలో పోయువారున్నారు, దానిని పొదుపనరాదు. అందలి ధూళి, ఎండిన తరకలు సూక్ష్మరంధ్రములను మూయును. ఒక హెడ్డు వెలకు ఎన్ని లీటర్ల ఇంకు వచ్చునో లెక్క వేసికొన్నవారు ఆ పని చేయరు. వేరువేరు కంపెనీల ఇంకులను చౌక యని కలుపుటయు ఇట్టిదే. ట్రేలోని ఆ మురికి ఇంకును కాలువలో పోయరాదు. మన కాలువలన్నియు చివరకు మూసీ నదిని చేరునవే.

ఋతుధర్మమును కూడ గమనింపవలయును. వైశాఖపు పొడిగాలిలో ఇంకు హెడ్డుపైననే ఎండును. ఫ్లెక్సుమీద స్థిరవిద్యుత్తు పుట్టి బొట్లు దారితప్పి అక్షరములచుట్టు మంచువలె పడును. ఆషాఢపు తేమలో దీనికి విరుద్ధముగ ఇంకు ఆరదు. గోలకొండలో మొదలై, సికింద్రాబాదు దాటి, బోనాలు పాతనగరమునకు వచ్చు వారమున దుకాణములకు రాత్రింబవళ్లు తీరిక యుండదు. ఆరని బ్యానరును తొందరలో చుట్టినచో పొరలు అంటుకొని, విప్పునప్పుడు రంగు ఊడివచ్చును, మరల ముద్రింపవలసినదే. అందుచేతనే 300 పాళ్ల ఇంకు వర్షాకాలమున రెండింతలు హానికరము: తక్కువ ఇంకు త్వరగ ఆరును. రోలును ఎక్కించునప్పుడు వంకరగ పట్టినచో ఫ్లెక్సు ఒకవైపునకు ప్రాకి, అంచు లేచి, హెడ్డును రాచును. బ్యానరును, హెడ్డును ఒకేమారు చెడును. మొదటి అడుగు సరిగ నడచుచున్నదా యని రెండు నిమిషములు నిలిచి చూచుట అందుకే.

అన్నిటికంటె పెద్ద పొదుపు ముద్రింపకుండుట. 2022 ఆగస్టు 26న విశాఖపట్టణమున నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి గారు ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధింతుమని ప్రకటించినప్పుడు ఈ వృత్తిమీద బ్రతుకు కుటుంబములు ఎంత కలతపడెనో, గుడ్డ బ్యానర్లవైపు మరలుటకు గడువు ఎట్లు కోరెనో మనకు తెలియును. యంత్రము అప్పుచేసి కొన్నవానికి ఒక్క దినమున వస్తువును మార్చుకొనుమనుట కఠినమే. ఐనను ప్రతి యేటను జరుగు ఉత్సవమునకు సంవత్సరము వేయక బ్యానరు ముద్రించి, తేదీని మాత్రము విడిగ ఒక వినైలు పట్టీపై వేసి అంటించినచో అదే బ్యానరు మూడునాలుగేండ్లు వచ్చును. ఉత్సవ సంఘములవారు దానిని మడవక చుట్టి దాచిన చాలును. దుకాణదారునికి ఒక పని తగ్గినను, ఆ సంఘమువారు ఏటేట ఆతని వద్దకే వచ్చెదరు. పాతబడిన ఫ్లెక్సు మండిలో కూరగాయలవారి బండిపై నీడగను, నేలపై పరుపుగను ఇంకను కొంతకాలము సేవచేయును. దానిని పడవేసి నిప్పు పెట్టుట మాత్రము ఎవరికిని తగదు.

ఇదంతయు దుకాణమువారికే చెప్పినట్లైనది; కడమది బ్యానరు వేయించుకొను మీకు. దుకాణమునకు పోవునప్పుడు ఫ్రేము కొలతను టేపుతో కొలిచి, వెడల్పు ఏదియో ఎత్తు ఏదియో స్పష్టముగ వ్రాసి తీసికొనిపొండు. ఎచ్చట కట్టుదురో, ఎన్ని దినములు ఉంచుదురో చెప్పుడు. వర్షమున నానునా, నీడన నుండునా యన్నదియు చెప్పుడు. పేర్లను కాగితముమీద పెద్ద అక్షరములతో వ్రాసియిండు. ప్రూఫు వచ్చినప్పుడు ఇంటిలో మరియొకరిచేత కూడ చదివించి గాని సరేయనకుడు. నల్లని నేల వలదని, తెల్లని స్థలము కొంత విడువుమని మీరే అడుగుడు. డిజైనరు సంతోషముతో విడుచును. పండుగ వారమునకు పది దినముల ముందే పని అప్పగించినచో మీ బ్యానరును మరియొకరి దానితో జతచేసి ఒకే రోలుపై వేయుటకు వారికి అవకాశము కలుగును. ఆరుటకును వ్యవధి యుండును.